సీమ కట్టె వెంట అచ్చంపేటకు

గద్వాల నుంచి అచ్చంపేటకు పోవాలనుకునేవాళ్ళు పొద్దున ప్యాసింజర్ ఎక్కి వనపర్తి రోడ్డులో దిగడం మేలు. నేనూ అలాగే పోయాను. మీరు టిఫిన్ చేసి పోతారు, నేను మంచినీళ్ళు కూడా తాగకుండా పోయాను, అంతే తేడా.

రెండువేల ఐదు, ఆ ప్రాంతం మాట. మాకు గద్వాలలో కట్టెల అడితి ఉంది. టేకు ధర చెట్టెక్కి కూర్చున్నాక పైన్ కట్టే మాకు దిక్కయింది. న్యూజిలాండ్‌లో పెంచి, కోసి, ఓడల్లో గుజరాత్ రేవుకు పంపుతారు. అక్కడి నుంచి హైదరాబాద్ మీదుగా మా దాకా వస్తుంది. ముందు రోజు మా ఆయన ఆ పలకలను చిన్న లారీలో వేసుకుని అచ్చంపేటకు బయలుదేరాడు, అక్కడి చర్చి బెంచీల కోసం. తెల్లారగానే డ్రైవర్ ఫోన్ చేశాడు.

"వదినా, పరేషాన్ గాకు. అడవి చెక్‌పోస్టుల అన్నను ఆపుకున్నరు. నల్లమల కట్టె దొంగతనంగ తెచ్చిండంటున్నరు."

పరేషాన్ గాకు అన్న మాటతోనే నా పరేషాన్ మొదలైంది. నల్లమలలో ఒక దిక్కు నక్సలైట్లు, ఒక దిక్కు పోలీసులు ఉన్న రోజులవి. అడవి పేరు చెప్పి ఆపిన మనిషి ఎప్పుడు ఇల్లు చేరతాడో ఎవరూ చెప్పలేరు.

ఎనిమిదింటికి రావలసిన బండి ఆలస్యంగానే వచ్చింది. కృష్ణ వంతెన మీద అందరూ నాణేలు వేసి దండం పెట్టారు. నేనూ వేశాను. ఏం మొక్కాలో తోచక, కొట్టకుండా ఉంటే చాలు తల్లీ అనుకున్నాను.

వనపర్తి రోడ్డు అన్న బోర్డు చూసి ఊరొచ్చిందనుకోకండి. ఊరికి మళ్ళీ ఆటోనో బస్సో ఎక్కాలి. పేరును నమ్మి దిగినవాడికి రోడ్డే మిగులుతుంది. వనపర్తి బస్టాండు ఎదురుగా హోటల్లో ఆయన కోసం ఇడ్లీ పొట్లం కట్టించుకుని నాగర్‌కర్నూల్ బస్సెక్కాను.

పక్కన తిమ్మాజిపేటకు పోయే పెద్దమ్మ కూర్చుంది. "ఏమైంది బిడ్డా, గట్ల వణుకుతున్నవ్? జరమొచ్చిందా?" అని అడిగింది. జరిగింది చెప్పాను, కాస్త ధైర్యం చెబుతుందని.

"మా మరిదిని గూడ గిట్లనే ఆపిండ్రు. వానకాలం పోయిండు, ఎండకాలం వచ్చిండు," అంది ఆమె.

అడగ్గానే చెప్పినందుకు నా చెంపలు నేనే వాయించుకోవాలి. నాగర్‌కర్నూల్‌లో అచ్చంపేట బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాను. ఖాకీ చొక్కా కనబడ్డప్పుడల్లా గుండె జారింది. తీరా చూస్తే అన్నీ కండక్టర్లవే.

అచ్చంపేట ఇంకా రాకముందే చెక్‌పోస్టు. అక్కడ దింపమంటే బస్సులో వాళ్ళంతా నన్నే చూశారు. మా ఆయన రేకుల షెడ్డు కింద నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, గార్డు వైపు చూసి మళ్ళీ కూర్చున్నాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

"కొట్టిండ్రా?"

"లే. ఎవరు నరికిండ్రు, ఎంట ఎవరున్నరు, పేర్లు చెప్పుమంటున్నరు. అదే అడుగుడు."

గార్డు దగ్గరికి వచ్చాడు. "మీ ఆయనే ఒప్పుకుండమ్మా. సీమ కట్టె అని తన నోటితోనే చెప్పిండు. అంటే కర్నూలు దిక్కు అడవిల నరికిందే గద!"

అప్పుడు నాకు వెలిగింది. మా అత్తది రాయచూరు దిక్కు. గ్యాసునూనెను, అదే కిరోసిన్‌ను, ఆమె కన్నడంలో 'సీమెణ్ణె' అంటుంది, సీమ అంటే పరదేశం. ఆమె కొడుకు అడితిలో పైన్‌ను సీమ కట్టె అనే అమ్ముతాడు. భయంలో ఇంటి మాటే నోటికొచ్చింది. గార్డు చెవిలో అది రాయలసీమ అయి కూర్చుంది. ఈయన నిజం చెప్పినకొద్దీ వాళ్ళకు దొంగ దొరికాడు. బిల్లు చూపిస్తే, ఇట్లాంటి దొంగ బిల్లులు చాలా చూశామన్నారట.

"సార్, సీమచింతకాయ తింటరు గద. అది రాయలసీమల పుట్టిందా? సీమ అంటే తెల్లోళ్ళ దేశం సార్. గీ కట్టె ఓడ దిగి వచ్చింది," అన్నాను.

గార్డు నవ్వలేదు. రేంజర్ సారు రావాలన్నాడు. ఇడ్లీ పొట్లం విప్పితే మా ఆయన ఒక ముక్క తుంచి చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాటాక రేంజర్ వచ్చారు. నా మాట విని, ఒక పలకను చాకుతో గీయించి వాసన చూశారు. టర్పెంటైన్ వాసన గుప్పుమంది. "నల్లమలల గీ కట్టె యాడుంది? ఇడిసిపెట్టుండ్రి," అన్నారు. అంతే, అయిపోయింది. అంత సులువుగా అయిపోవడమే నన్ను ఇంకా భయపెట్టింది. ఆయన ఆ పూట రాకపోయుంటే? "ఇంకోసారి సక్కగ చెప్పు," అంటూ గార్డు భుజం తడితే మా ఆయన ఉలిక్కిపడ్డాడు.

లారీ చర్చికి పోయింది, మేం వచ్చిన దారినే తిరిగి బస్సెక్కాం. దారి సంగతి ఎవరైనా అడిగితే బాగుందనే చెబుతాను. బస్సులు దొరుకుతాయి, వనపర్తి ఇడ్లీ చల్లారినా మెత్తగానే ఉంటుంది. ఏ మాట ఎక్కడ ఏ అర్థమిస్తుందో చూసుకుని మాట్లాడాలి, అంతే.

వనపర్తి బస్సులో ముందు సీటాయన ఇల్లు కడుతున్నాడట. మాది అడితి అని నేనే చెప్పాను, మా ఆయన మనసు కాస్త మళ్ళుతుందని. కట్టె గురించి ఎవరైనా అడిగితే మా ఆయన అన్నం మరిచి చెబుతాడు.

"అన్నా, తలుపులకు ఏ కట్టె మంచిగుంటది?" అని అడిగాడు ఆయన.

మా ఆయన బస్సులో ఎవరెవరున్నారో ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

"నాకు తెల్వదు," అన్నాడు.