దగ్గు వినే స్తుతి

“...మిరపకాయల తొడిమలు తీసిన చీరతోనే ఆస్పత్రికి వచ్చేస్తావా? ఆ ఘాటుకి పిల్లలేమైపోవాలి?” అంది పక్కన బిడ్డనెత్తుకున్న ఓ తల్లి. “పిల్లోడికి జొరమైతే చీరలు చూసుకుంటారా ఎవరన్నా?” అంది మస్తాన్‌బీ, మనవణ్ణి ఒళ్ళో సర్దుకుంటూ.

దర్శిలోని ఆ పిల్లల క్లినిక్‌లో పేర్లు పిలిచే స్తుతి చీటీలకన్నా తన చెవినే నమ్ముతుంది. కళ్ళు మూసుకుని విని, ఎవరి దగ్గు ముదిరితే వాళ్ళని ముందు పంపుతుంది. వారంగా అందరిదీ ఒకటే జలుబు. కరోనాల్లోనే పాత, మామూలు రకమని డాక్టరుగారు చెప్పినా ఆ పేరు ఆమె పైకి అనదు. అందంటే భయంతో బెంచీలు ఖాళీ అవుతాయి. ఇంతలో మస్తాన్‌బీ కోపంగా కొంగు విదిలించింది. తల్లులూ పిల్లలూ, చివరికి స్తుతీ దగ్గారు. ఇక చెవితో లాభం లేక ఆమె కళ్ళు తెరిచింది. దగ్గనిది మస్తాన్‌బీ మనవడొక్కడే. వాడు ఊపిరందక డొక్కలెగరేస్తున్నాడు. “మామ్మా, ముందు మీవాడు లోపలికి. మిగతా వాళ్ళంతా తర్వాతే,” అంది స్తుతి.