జ్యోతిరాణి పెట్టిన నియమం

జ్యోతిరాణికి కుళ్లు ఎక్కువ. ఆ సంగతి ఆమె మొగుడు విజయేందర్‌కు తెలుసు, కరీంనగర్‌లో ఆమె సెంటర్ కింద షాపు పెట్టుకున్న టైలర్‌కు తెలుసు, ఆమెకూ తెలుసు. తెలియనిదల్లా ప్రజ్ఞకే. అసలు మంట అక్కడే. ఇక్కడ మనం కడుపు మండి చస్తుంటే అవతలి మనిషి ‘అక్కా, బాగున్నరా’ అంటూ నవ్వు మొహంతో ఎదురొస్తే ఎవరు మాత్రం తట్టుకోగలరు?

మొదటి నుంచీ ఆమె ఇలా లేదు. బెల్లంపల్లిలో బొగ్గుబావి కార్మికుడు రాజలింగు కూతురు. కంపెనీ క్వార్టర్లలో పెరిగింది. అక్కడ అందరి ఇళ్లూ ఒకటే తీరు, అందరి బాపులూ ఒకే బొగ్గు మసితో ఇంటికి వచ్చేవారు, కుళ్లుకోవడానికి పెద్దగా సరుకు దొరికేది కాదు. పెళ్లయి కరీంనగర్ వచ్చి ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరింది. మాట్లాడడు, కుదురుగా కూర్చోడు, పక్కవాళ్లను కొరుకుతాడు అని ఆ బడివాళ్లు ఒక పిల్లవాణ్ణి బయటికి పంపేస్తే, ఆమెకు ఒళ్లు మండి సాయంత్రాలు వాళ్లింటికే పోయి చదువు చెప్పడం మొదలుపెట్టింది. వాడికి ఒక్క ముక్క ఎక్కలేదు. ఆటిజం అనే మాట అప్పుడే విన్నది. ఇలాంటి పిల్లలు ఏ పని ఎందుకు చేస్తున్నారో కనిపెట్టి, అడగడం, ఆగడం, పంచుకోవడం మెట్టు మెట్టుగా నేర్పే విద్య ఒకటుందనీ, అది తెలిసినవాళ్లను బిహేవియర్ అనలిస్టులంటారనీ తెలుసుకుంది. హైదరాబాద్ తిరిగి, పట్టుబట్టి పరీక్షలు రాసి, ఆ విద్య నేర్చుకుని వచ్చి రెండు గదుల్లో సెంటర్ తెరిచింది.

అప్పట్లో కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఈ పని వచ్చినవాళ్లు అక్కడొకరు, ఇక్కడొకరు. మందుతో మాటలు తెప్పిస్తామని తల్లిదండ్రులను ముంచేవాళ్లు మాత్రం వీధికొకరు. మనమంతా ఒక్కటైతే గానీ జనం నమ్మరని జ్యోతిరాణి అందరికీ ఫోన్లు చేసింది, బతిమాలింది, అలిగినవాళ్ల ఇళ్లకు పోయి కూర్చుంది. చివరికి ఉత్తర తెలంగాణ బిహేవియర్ అనలిస్టుల సంఘం పుట్టింది. పేరు పూర్తిగా చదివే లోపు సభ్యులను లెక్కపెట్టేయొచ్చు, అంతమందే. వయసులో పెద్దవాడని రాంచందర్ సారును అధ్యక్షుణ్ణి చేశారు. కార్యదర్శి జ్యోతిరాణి. అంటే హాలు మాట్లాడటం, కుర్చీలు వేయించడం, ఆఫీసుల చుట్టూ తిరగడం ఆమె పని. దండలు వేయించుకోవడం సారు పని.

మొదటి మీటింగులోనే నేను గొప్ప చోట నేర్చుకున్నానంటే నేను గొప్ప చోట నేర్చుకున్నానని లొల్లి మొదలైంది. జ్యోతిరాణి లేచి బల్ల మీద చరిచింది.

“కొత్త పిల్లగాడు అచ్చినప్పుడు మనం ముందుగాల ఏమడుగుతం? ఏం రాదని అడుగుతమా, ఏమొస్తదని అడుగుతమా? మన పంచాయితి గూడ గట్లనే ఉండాలె. అధ్యక్ష పదవికి ఇద్దరు నిలవడితే ఎవ్వలు గూడ తమ గురించి తాము చెప్పుకోవద్దు. ఎదుటోళ్ల సెంటర్‌ల ఒక పూట కూసోని, ఆళ్లు ఏం మంచిగ చేస్తున్నరో చూసొచ్చి అందరి ముంగట చెప్పాలె. అయినంకనే ఓట్లు.”

అందరూ చప్పట్లు కొట్టి ఒప్పుకున్నారు. సారుకు పోటీగా ఎవరూ నిలబడకపోవడం వల్ల ఆ నియమం వాడే పని ఇన్నేళ్లూ పడలేదు. దాని గురించి జ్యోతిరాణి కూడా మరిచిపోయింది.

పోయిన ఏడు సారు, “మోకాళ్లు సతాయిస్తున్నయి, ఇగ నాతోని కాదు జ్యోతమ్మా” అన్నాడు. ఇంకేముంది, కుర్చీ తనదే అనుకుంది జ్యోతిరాణి. ఫ్లెక్సీల షాపు నడిపే విజయేందర్ పెళ్లాం ఫొటోకు మంచి వెనక రంగు కూడా వెతకడం మొదలుపెట్టాడు. అప్పుడు వచ్చింది కబురు, ఆదిలాబాద్ నుంచి ప్రజ్ఞ నిలబడుతోందని. ప్రతి మీటింగుకూ కరీంనగర్ దాకా రాలేకపోతున్నామని ఆదిలాబాద్, ఆసిఫాబాద్ సభ్యులు ఆమెను ముందుకు తోశారట.

ప్రజ్ఞ జిన్నింగ్ మిల్లు సంతోష్‌రావు కూతురు. బెంగళూరులో పెద్ద చదువు చదివి వచ్చి, తండ్రి పాత పత్తి గోదాముకు సున్నం వేయించి అందులో సెంటర్ పెట్టింది. జ్యోతిరాణి కన్నా చిన్నది. ఏ పిల్లవాడి తల్లి పేరు అడిగినా తడుముకోకుండా చెబుతుంది. నూలు చీర కట్టినా పట్టు కట్టినట్టుంటుంది. సంఘం వాట్సాప్ గ్రూపులో జ్యోతిరాణి మీటింగు సంగతి పెడితే అందరూ బొటనవేలు చూపించి ఊరుకుంటారు. అదే సంగతికి ప్రజ్ఞ ‘తప్పకుండా వస్తాము’ అని జవాబిస్తే దానికి గుండె బొమ్మలు. ఆ గుండెలు ఎవరెవరు పెట్టారో నొక్కి చూడటం జ్యోతిరాణికి అలవాటైపోయింది. 

“ఆమె నిన్నేమన్నదని గింత పరేషానైతున్నవ్?” అన్నాడు విజయేందర్ ఒకరోజు.

“ఏమనది. గదే నా బాధ. ఒక్క మాట వంకరగ మాట్లాడినా నాకు జర నిమ్మళమైతుండె. సంఘం నేను వెట్టిన. కుర్చీలు నేను మోసిన. గిప్పుడొచ్చి గా దొరబిడ్డ కూసుంటదా?”

“గెలుస్తవ్ తియ్, ఫికర్ చెయ్యకు.”

“గెలవకపోతే నేను సంఘంల ఉండ” అంది జ్యోతిరాణి. అన్నంత పనీ చేసే మనిషని మొగుడికి తెలుసు.

నియమం ప్రకారం ముందు ప్రజ్ఞ కరీంనగర్ వచ్చింది. ఒక మూల చాప మీద కూర్చుని పొద్దుటి పూటంతా చూసింది. జ్యోతిరాణి ఆ రోజు ఉన్న విద్యంతా చూపించింది. చివర్లో ఒక తల్లి వచ్చి, ఎప్పుడూ అనే మాటే అంది. “మీ దగ్గరైతే అన్నీ చేస్తడు మేడం, ఇంటికస్తే ఒక్కటి చెయ్యడు.” జ్యోతిరాణి ప్రజ్ఞ వైపు చూసి గర్వంగా నవ్వింది. తన చేతి మహిమకు అంతకన్నా సాక్ష్యం ఇంకేం కావాలి?

తర్వాతి వారం ఆమె ఆదిలాబాద్ బస్సెక్కింది. తప్పులు తీయకూడదని నియమం పెట్టింది తనే గానీ, మనసులో తీసుకోవడానికి ఏ నియమం అడ్డొస్తుంది? గోదాము గోడలు, బొమ్మలు, పిల్లల బల్లలు, అన్నింట్లోనూ ఏదో ఒక వంక వెతుక్కుంటూ కూర్చుంది.

రచన అనే పిల్ల వచ్చింది. ఏడేళ్లుంటాయి, మాటల్లేవు. ఆకలేస్తే అరిచి నేల మీద పడి దొర్లేదట. నాయనమ్మ రుక్మాబాయి వెంట తెచ్చింది. ఆమె మాటలో తెలుగెంతో మరాఠీ అంత, అక్కా అనడానికి తాయి అంటుంది. ప్రజ్ఞ రొట్టె బొమ్మ ఉన్న కార్డు పిల్ల ముందు పెట్టి, జొన్నరొట్టె ముక్క కనబడేలా పట్టుకుంది. పిల్ల కార్డు తీసి ప్రజ్ఞ చేతిలో పెట్టింది, రొట్టె ముక్క తీసుకుంది. ఇందులో ఏముంది, నా దగ్గర ఇంతకన్నా చిన్న పిల్లలు చేస్తారు అనుకుంది జ్యోతిరాణి. కాసేపటికి ప్రజ్ఞ లేచి తన చోట రుక్మాబాయిని కూర్చోబెట్టి, గదిలోంచి బయటికి వెళ్లిపోయింది. కిటికీ దగ్గర నిలబడి లోపలికి చూస్తోంది, ఒక్క మాట సాయం చెప్పదు. పని ఎగ్గొట్టడం కూడా విద్యేనా అని జ్యోతిరాణి లోపల నవ్వుకుంది.

పిల్ల అరవడానికి నోరు తెరిచింది. రుక్మాబాయి చెయ్యి చాపి ఊరుకుంది. పిల్ల ముసలామె మొహం చూసింది, ప్రజ్ఞ వెళ్లిపోయిన తలుపు వైపు చూసింది, కార్డు తీసి నాయనమ్మ అరచేతిలో పెట్టింది.

“చూసినవా తాయి!” అని రుక్మాబాయి జ్యోతిరాణితో పొంగిపోయింది. “ఇంట్ల గూడ గిట్లనే. మొన్న వాళ్ల తాత చేతుల వెట్టింది. నిన్న పక్కింటామె దగ్గరికి వోయింది రొట్టెకు.”

జ్యోతిరాణికి కళ్ల నిండా నీళ్లొచ్చాయి. కొంగుతో తుడుచుకుంటుంటే రుక్మాబాయి ఆమె చెయ్యి పట్టుకుని తనూ కళ్లు తుడుచుకుంది.

బస్సులో నిర్మల్ దాటేదాకా జ్యోతిరాణి ఆ కార్డు సంగతే తిప్పి తిప్పి చూసుకుంది. ఇన్నేళ్లూ తన దగ్గర పిల్లలు నేర్చుకున్నది తనతో ఉండటం మాత్రమే. ఆ పిల్ల ఊరంతటితో ఉండటం నేర్చుకుంది. ‘మీ దగ్గరైతే చేస్తడు’ అని తల్లులు అన్నది మెచ్చుకోలు కాదు, మొర. తాను దాన్ని దండలా మెడలో వేసుకుని తిరిగింది. ఇది తనకన్నా చిన్నదైన ప్రజ్ఞకు తెలిసి తనకు తెలియకపోవడమేమిటి? ప్రజ్ఞ మీద అంతకు ముందున్న కుళ్లు చీరల మీద, గుండె బొమ్మల మీద. ఇప్పుడు పని మీదే పుట్టింది. ఇది మాత్రం నిద్ర పట్టనిచ్చే రకం కాదు.

జగిత్యాల వచ్చేసరికి ఆమెకు ఇంకోటి తట్టింది. తాను పెట్టిన నియమంలో ఒక తిరకాసుంది. మనసారా మెచ్చుకున్నవాళ్లు ఎదుటివాళ్లను గెలిపిస్తారు. పిసినారిగా మెచ్చుకున్నవాళ్లు గెలుస్తారు. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కరికీ ఇది తోచలేదు, అందరూ అంత మంచివాళ్లు మరి.

ఎన్నిక రోజు కరీంనగర్‌లో హాలు నిండింది. సంఘం ఇప్పుడు పెద్దదైంది, తల్లిదండ్రులను కూడా పిలిచారు. జ్యోతిరాణి ముందు మాట్లాడింది. “ప్రజ్ఞ మేడం చాన మంచిది. చాన కష్టపడ్తది. పిల్లలంటే పాణం. సెంటర్ గూడ నీట్‌గ పెట్టుకున్నది. అందరితోని మంచిగ మాట్లాడ్తది.” వచ్చి కూర్చుంది.

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. పిల్లవాడిని ఊరికే గుడ్ గుడ్ అనొద్దు, ఏం చేస్తే గుడ్డో ఆ పని పేరు పెట్టి చెప్పాలి అని అక్కడున్న సగం మందికి నేర్పింది జ్యోతిరాణే. ఆమె నోటి నుంచే ఇంత పస లేని మెచ్చుకోలు వస్తే, చెప్పుకోదగ్గది ఆదిలాబాద్‌లో ఏమీ లేదు కాబోలు అనుకున్నారు వాళ్లు. జ్యోతిరాణి అబద్ధమాడుతుందని ఎవరికీ అనుమానం రాలేదు.

ప్రజ్ఞ లేచింది. “అక్క దగ్గర ఒక బాబును చూసిన. కొరికే అలవాటున్న బాబు. పక్కన ఇంకో పాప కూసున్నది. అక్క అటుదిక్కు తిరిగి వేరేటోళ్లతోని మాట్లాడుకుంటనే వచ్చి, పాప కుర్చీని జర పక్కకు జరిపి, బాబు చేతిల ‘చాలు’ అన్న కార్డు పెట్టింది. బాబు కొరకలే. కార్డు ఇచ్చి లేచిపోయిండు. అక్కకు ఎట్ల తెలిసిందో నాకు సమజ్ గాలే. మల్లా చూసిన. కొరికే ముందట బాబు కాలివేళ్లు ముడుసుకుంటడు. నేను గిన్ని రోజులు పిల్లల మొహమే చూసిన. అక్క కాళ్లు గూడ చూస్తది. నేను ఇంటికి పోయినంక మా పిల్లలందరి కాళ్లు చూసుడు షురూ చేసిన.”

హాలు ఘొల్లుమని నవ్వి చప్పట్లు కొట్టింది. తాను కాలివేళ్లు చూస్తానని జ్యోతిరాణికే తెలియదు. ఆ చప్పట్లు తన కోసమే అయినా, మోగింది మాత్రం ప్రజ్ఞ మాటకే అనిపించింది. ఇంత బాగా మెచ్చుకోవడం కూడా దీనికే రావాలా?

ఓట్లు వేశారు. జ్యోతిరాణి గెలిచింది. అందరికన్నా ముందు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది ప్రజ్ఞ. రాంచందర్ సారు దండ వేసి, “మాట్లాడు జ్యోతమ్మా” అని మైకు చేతికిచ్చాడు. ఇన్నేళ్లుగా కోరుకున్న కుర్చీ. అది కూడా ప్రజ్ఞ పెట్టిన భిక్షే అని ఆమెకొక్కతికే తెలుసు, దాంతో దండ మెడ మీద మంటలా ఉంది. 

ముందు వరసలో ఉన్న రుక్మాబాయి లేచింది. ఆమె మొహంలో కోపమేమీ లేదు, నిజంగానే అర్థం కాక అడిగింది.

“తాయి, గా దినం మా పోరి నా చేతుల కార్డు వెట్టంగ చూసి నువ్వు ఏడ్చినవు గద. సంతోషమైందనుకున్న. గది చెప్తవని మా ఆయనను గూడ తోల్కొచ్చిన. మర్సిపోయినవా?”

జ్యోతిరాణి ప్రజ్ఞ వైపు చూసింది. ప్రజ్ఞ తల దించుకుంది, ఆమెకు ఇప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లకు ఆ కుళ్లును గుర్తించింది. జ్యోతిరాణి దానికోసమే ఎదురుచూసింది గానీ, తీరా వచ్చాక అందులో రుచేమీ లేదు.

“మర్వలే అవ్వా” అంది జ్యోతిరాణి. “సంతోషంతోని ఏడ్వలే. కుళ్లుతోని ఏడ్చిన. నా పిల్లలు నా దగ్గర్నే చేస్తరు. ఈమె పిల్లలు ఇంట్ల గూడ చేస్తరు. చెప్తే ఓడిపోతనని చెప్పలే.”

రాంచందర్ సారు కంగారుగా ఆమె మోచెయ్యి పట్టుకుని చెవి దగ్గరికి వంగాడు.

“జ్యోతమ్మా, మైకు ఆన్‌లున్నది.”

“ఎర్కే సార్” అంది జ్యోతిరాణి.