కామేశ్వరి గారు కొన్న తుప్పు కారు

నిన్న వానలో ఆగిపోయిన కారు బానెట్ మా అల్లుడు ఎత్తగానే తడి ఇనుము, పెట్రోలు, వేడెక్కిన రబ్బరు కలగలిసిన వాసన గుప్పుమంది. అతను విసుక్కున్నాడు. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఆ వాసనతో నాకు డాక్టర్ కామేశ్వరి గారు గుర్తొస్తారు.

యాభైల్లో ఆవిడ ఏలూరులో కాన్పుల ఆసుపత్రి నడిపేవారు. నేను అక్కడ కొత్తగా చేరిన నర్సుని. కొల్లేటి ఒడ్డు ఊళ్ళ నుంచి కబురొస్తే, బస్సో జట్కానో పట్టుకుని వెళ్ళేసరికి ఒక్కోసారి చెయ్యి దాటిపోయేది. అందుకే ఆవిడ కారు కొనాలనుకున్నారు. తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లు యజమాని రాజు గారు పాత కారు అమ్ముతున్నారని తెలిసి, తమ్ముడు ప్లీడరు మూర్తి గారినీ నన్నూ వెంటబెట్టుకుని రైలెక్కారు.

రాజు గారు బానెట్ ఎత్తారు. లోపలంతా ఎర్రగా తుప్పు.

"షెడ్డు కురిసిందండీ. దాచడమెందుకు, మీరే చూసుకోండి," అన్నారాయన.

"వద్దక్కా, దీన్ని పాత ఇనుము కింద అమ్ముకోవాల్సిందే," అన్నారు మూర్తి గారు.

కామేశ్వరి గారు కొంగు నడుముకి దోపి, ఒక స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని లోపలికి వంగారు. వాళ్ళ నాన్నగారికి ఏలూరు కాలవలో ఇనప పడవలుండేవి. ఏటా వాటిని ఒడ్డుకి లాగి, అడుగంతా తట్టి చూసేవారట. ఈవిడా అలాగే తట్టి, గీకి, పొడిచి చూశారు.

"ఇటు చూడరా మూర్తీ. గీకితే లోపల మెరుస్తోంది. ఇది పైపై తుప్పే. బ్యాటరీ కింద రేకు తినేసింది గానీ, అది కొత్తది వేయించుకోవచ్చు. ఇంజన్ని మోసే కమ్మీలు గట్టిగా ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం."

అని గట్టిగా పొడిచారు. స్క్రూడ్రైవరు దిగలేదు. ఖంగుమంది. ఆవిడ మొహం వెలిగిపోయింది. కానీ ఇంకాస్త వంగి చూసి తల అడ్డంగా ఊపారు.

"రాజు గారూ, ఈ బ్రేకు గొట్టం పొరలు లేస్తోందండీ. ఇది మార్చందే బండి కదలకూడదు."

"మార్పించి నేనే పంపిస్తానండీ," అన్నారు ఆయన.

తిరుగు రైల్లో అడిగాను. "అంత తుప్పు చూస్తే మీకు భయం వెయ్యలేదాండీ?"

"వేసింది. అందుకే కదమ్మా దగ్గరకెళ్ళి చూశాను!"

కారు వచ్చాక ఆవిడ తోలడం నేర్చుకున్నారు, నాకూ ఆసుపత్రి ఆవరణలో నేర్పారు. "నాకెందుకండీ?" అంటే, "నేను వెనక సీట్లో కూర్చోవాల్సొస్తే ఎవరు తోలతారు?" అన్నారు. మొదటిరోజే భయంతో కళ్ళు మూసుకుని గన్నేరు చెట్టుని గుద్దాను. ఆవిడ పగలబడి నవ్వారు.

ఆ వానాకాలం కొల్లేటి గట్టు మీది ఓ ఊరి నుంచి కబురొచ్చింది. బెస్తల ఇంటి కోడలికి బిడ్డ అడ్డం తిరిగింది. ఆమెనీ అత్తగారినీ ఎక్కించుకుని ఏలూరు బయలుదేరాం. దారిలో నొప్పులు ముదిరాయి. కామేశ్వరి గారు కారాపి వెనక్కి వెళ్ళారు.

"ఇక నువ్వే తోలు. పోనివ్వమ్మా, నేనున్నాను."

ఊరి రోడ్డు మీద ఎన్నడూ తోలలేదు నేను. గట్టు మలుపులో గేదెల మంద అడ్డొచ్చింది. ఈసారి కళ్ళు మూసుకోకుండా బ్రేకు తొక్కాను. బండి ఠక్కున నిలిచింది. ఒక గేదె తీరిగ్గా నన్ను చూసి కదిలింది.

ఆసుపత్రికి చేరిన కాసేపటికి ఆడపిల్ల పుట్టింది. తల్లి క్షేమం. "ఏం తోలారండీ నర్సమ్మగారూ! మా పడవ కూడా ఇంత బాగా పోదండీ," అంది అత్తగారు నా చేతులు పట్టుకుని. మూర్తి గారు ఆ సాయంత్రం స్వయంగా కారు కడిగారు.

తరవాత ఆసుపత్రి మొత్తం నా చేతికొచ్చింది, ఆవిడ లేని రోజులూ వచ్చాయి. ఇప్పటికీ పెద్ద పని మీద పడితే భయమేస్తుంది. అప్పుడు వెనక సీట్లోంచి అన్నట్టే ఆవిడ గొంతు వినిపిస్తుంది. "పోనివ్వమ్మా, నేనున్నాను." పోనిస్తాను.