సూపర్‌వైజరు గారు తవ్విన కొలను

ఫర్నిచర్ షాపులో ఆయన ముప్పై ఏళ్లు సూపర్‌వైజరు. అంటే బీరువాలు మోసేవాళ్ల పక్కన నిలబడి "మెల్లగా, మెల్లగా" అనడం. రిటైరయ్యాక అలా అనడానికి ఎవరూ దొరక్క, పెరట్లో కొలను తవ్వుతానని వీధంతా టాంటాం చేశాడు. మిషను పెట్టడట, సొంత చేతులతోనే తవ్వుతాడట.

ఆ మాటకి వంటింట్లో ఉన్న భార్యకు నవ్వు కూడా రాలేదు. ఆ చేతులు ఏనాడూ ఎంగిలి గ్లాసును సింకు దాకా తీసుకెళ్లిన పాపాన పోలేదు. ఆవిడ పని ఆసుపత్రి లాండ్రీలో. తడి దుప్పట్లు ఎత్తి ఎత్తి భుజాలు రాటుదేలాయి. మొగుడి విషయంలో మనసు అంతకన్నా ముందే రాటుదేలింది.

మొదటిరోజు కొత్త టోపీ, కొత్త గ్లౌజులు, కొత్త పార. సున్నంతో గుండ్రంగా గీత గీసి, దాని ముందు నిలబడి ఫొటో తీయించుకున్నాడు. మోకాలి లోతు తవ్వేసరికి నడుం పట్టేసింది. మంచమెక్కి కిటికీలోంచి పెత్తనం మొదలుపెట్టాడు.

"ఏమే, గుంటలో వాననీళ్లు నిలిచాయి. దోమలొస్తాయి, చూడు."

"మీరు గట్టిగా చెప్పండి, వెళ్లిపోతాయి."

ఆ పీడ వదిలించుకుందామని పార పట్టుకుని పూడ్చడానికే వెళ్లింది. తడిసిన మట్టిలో పార సుతారంగా దిగింది. ఒక పెళ్ల బయటికి వేసింది. ఇంకోటి వేసింది. కిటికీలోంచి వచ్చే మాటలు వినపడనంత లోతుకు దిగితే ఎంత హాయి అనిపించింది.

ఇక డ్యూటీ నుంచి రాగానే అదే పని. మొక్కల కుండీలు పెట్టడానికి చుట్టూ మోకాలి లోతున మెట్టు వదిలేసి, నడిమధ్య ఛాతీ లోతు తవ్వింది. రాళ్లన్నీ చేత్తో ఏరింది. ఆసుపత్రిలో పారేసిన చిరుగు దుప్పట్లు పరిచి, పైన రబ్బరు షీటు వేసింది. అంచుల మీద అడ్డంగా చెక్క పెట్టి, సగం నీళ్లున్న సీసాతో మట్టం చూసుకుంది.

"ఎడమవైపు దిగింది, ఎడమవైపు!" అని కిటికీ అరిచింది.

దిగింది కుడివైపు. ఆవిడ తలెత్తకుండా కుడివైపే మట్టి వేసింది.

నీళ్లు నిండిన రోజే ఆయన నడుం కుదుటపడింది. మర్నాడే తమ్ముణ్ణీ మరదలినీ పిలిచాడు.

"అన్నయ్యా, ఇదంతా ఒక్కడివే తవ్వావా?"

"ఒక్కణ్ణే. ఎవర్నీ చెయ్యి వెయ్యనిస్తేగా!"

వెనక ఆవిడ టీ ట్రేతో వచ్చి నిలబడింది.

"లోతెంత బావగారూ?" అంది మరదలు.

"మోకాలి లోతు. ఇదిగో, చూడమ్మా." ప్యాంటు మడిచి దిగాడు. మోకాలి లోతే. గర్వంగా వాళ్లవైపు తిరిగి ఇంకో అడుగు వెనక్కి వేశాడు. బుడుంగుమని మాయమయ్యాడు. టోపీ మాత్రం పైన తేలింది.

"వదినా, అన్నయ్య మునిగిపోయాడు!"

"మునగరు. అక్కడ ఛాతీ లోతే. తవ్విందాన్ని, నాకు తెలీదూ? టీ చల్లారిపోతోంది, తీసుకోండి."

తల పైకొచ్చింది. ఆ మాట ఆయనా విన్నాడు, వాళ్లూ విన్నారు. తమ్ముడు రెక్క పట్టుకుని బయటికి లాగాడు. టీ తాగినంతసేపూ ఎవరూ ఆయన మొహంలోకి చూడలేదు.

ఇప్పుడాయన వీధిలో "మేము తవ్వాం" అంటున్నాడు. ఆ "మేము" ఆవిడ చెవిన పడింది. దిద్దే ఓపిక కూడా ఆయన మీద ఖర్చుపెట్టదలుచుకోలేదు.

సాయంత్రాలు ఆవిడ మెట్టు మీద కాళ్లు పెట్టుకుని నీళ్ల దగ్గర కూర్చుంటుంది. ఒకరోజు ఆయన కుర్చీ పట్టుకొచ్చాడు.

"కాస్త జరుగు."

ఆవిడ జరగలేదు. ఆయన కుర్చీని బట్టలారేసే తీగ అవతలికి మోసుకెళ్లాడు.