మునిగిన దోనెల లెక్క

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది, అంటే 1954 వేసవి మొదట్లో, నన్ను ఏలూరుకు పన్నుల మదింపు ఇన్‌స్పెక్టరుగా వేశారు. గుమాస్తాకు పైన, డిప్యూటీ ఆఫీసరుకు కింద ఉండే మెట్టు అది. పైనుంచి వచ్చే తిట్లూ, కిందినుంచి వచ్చే నిట్టూర్పులూ రెండూ అక్కడే ఆగుతాయి. ఆఫీసు పేరు రాయను. ఆ పేరూ, ఆ పద్ధతీ, ఆ పెంకుల కప్పూ ఏవీ ఇప్పుడు లేవు.

మదింపు అంటే తెలియనివారి కోసం చెబుతున్నాను. ఒకరి దగ్గర ఏముందో కళ్లారా చూసి, దాని మీద ఎంత పన్ను పడుతుందో తేల్చి రాయడం. వసూలు చేసేవాళ్లు వేరే ఉంటారు. డబ్బు చేత్తో ముట్టుకోని ఉద్యోగమని మా మామగారు నలుగురిలో గొప్పగా చెప్పుకునేవారు. డబ్బు ముట్టుకోకపోతే పాపం అంటదని ఆయన నమ్మకం. నేనూ కొన్నాళ్లు అలాగే నమ్మాను.

నా పరిధికి రెండు కొసలు ఉండేవి. ఒక కొసన తాడేపల్లిగూడెం బియ్యం మిల్లులు, రెండో కొసన కొల్లేటి లంకలు. గూడేనికి రైల్లో వెళ్లేవాణ్ణి. లంకలకు ఏలూరు నుంచి గట్టు దాకా సైకిలు, అక్కడి నుంచి దోనె. మొదటి వారంలోనే రెండు చోట్లకూ వెళ్లాల్సి వచ్చింది. రెంటినీ పక్కపక్కన చూడకపోయి ఉంటే నాకీ కోపం ఇన్నాళ్లు నిలిచేది కాదేమో.

ముందు గూడెం సంగతి. కట్టడం ఖాళీగా ఉన్నా, మిల్లు ఆగి ఉన్నా ఆ నెలలకు సగం పన్ను తగ్గించే నిబంధన ఒకటి ఉండేది. దాన్ని రెమిషన్ అనేవాళ్లం. వాడుకలో లేనిదానికి పూర్తి పన్నెందుకు అని దాని న్యాయం. ఒక మిల్లు యజమాని ఆర్నెల్లుగా మిల్లు ఆగి ఉందని అర్జీ పెట్టుకున్నారు. తనిఖీకి వెళ్తున్నట్టు ముందుగా కబురు పంపడం మా ఆఫీసు మర్యాద. నేను వెళ్లేసరికి గొట్టంలో పొగ లేదు, ఆవరణలో కూలీలు లేరు. యజమాని నాకు ఎదురొచ్చి, కుర్చీ వేయించి, కాఫీ తెప్పించారు.

లోపలికి వెళ్లి బాయిలరు మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాను.

“వేడిగా ఉందేంటండీ?” అన్నాను.

“ఎండ కదండీ,” అన్నారాయన, నా కళ్లలోకి చూస్తూ, చాలా మృదువుగా.

బాయిలరు ఉన్నది షెడ్డు లోపల. ఎండ అక్కడికి రావాలంటే గోడ పగలగొట్టుకుని రావాలి. రెమిషన్ ఇవ్వకూడదని నేను రాసి పంపాను. ఆయన మా డిప్యూటీ ఆఫీసరు దగ్గర అప్పీలు చేసుకున్నారు. రెమిషన్ వచ్చింది. ఆయన ధాన్యం తోలే బళ్లన్నీ వ్యవసాయపు బళ్ల కింద లెక్క కాబట్టి వాటి మీద వాహన పన్ను ఎలాగూ లేదు.

ఇక లంక. ఊరి పేరు రాయను, వాళ్ల మనవలు ఉన్నారు. చుట్టూ నీళ్లు, మధ్యలో మెరక, మెరక మీద తాటాకు పాకలు. చేపల వేట తప్ప మరో బతుకు లేదు. తాటిమాను తొలిచి చేసిన దోనె వాళ్లకు కాళ్ల కింద చెప్పు లాంటిది. అది లేకుండా ఏ ఇంటి గడపా దాటలేరు. రోగినో బరువునో తీసుకుపోవాలంటే రెండు దోనెలను పక్కపక్కన కట్టి సంగడి చేస్తారు. ఒంటి దోనె మనిషి పడుకుంటే ఒరిగిపోతుంది.

ఆ ఏడే లంకల దోనెలకు వాహన పన్ను వేయాలని నిర్ణయించారు. బండికి వ్యవసాయం పేరుతో మినహాయింపు ఉంది. కొల్లేటి నడిబొడ్డున వ్యవసాయం లేదు గనక దోనెకు మినహాయింపు లేదు. ఈ తర్కం నేను కల్పించింది కాదు, నాకు కాగితం మీద వచ్చింది. డిప్యూటీ ఆఫీసరు నన్ను పిలిచి, ఈ రాబడితో లంకలకు ప్రసవాలు చేసే నర్సును పడవతో సహా ఇస్తామని చెప్పమన్నారు. “వాళ్ల పన్ను వాళ్లకే వస్తుందని చెప్పండి, కాదనరు,” అన్నారు.

ఊరి పెద్ద వీరాస్వామి. అరవై దాటిన మనిషి, మాట నెమ్మది. అరుగు మీద నాకు చాప వేసి, తను కింద కూర్చుని అంతా విన్నాడు. నర్సు అన్న మాట దగ్గర తల తిప్పి పాక లోపలికి చూశాడు. తడిక చాటున ఆయన కోడలు నాంచారమ్మ నిలబడి ఉంది. ఆమెకు రెండు కాన్పులు అయ్యాయనీ, ఊళ్లో మంత్రసాని చేతికి లొంగక రెండుసార్లూ బిడ్డ దక్కలేదనీ తర్వాత తెలిసింది.

“నర్సమ్మ ఊళ్లోనే ఉంటాదాండీ, వచ్చి పోతాదాండీ?” అని లోపలి నుంచి అడిగింది.

“పడవ ఉంటుంది కదమ్మా, కబురు చేస్తే వస్తుంది,” అన్నాను. మా ఆఫీసు చెప్పమన్నదే చెప్పాను.

మర్నాడు లెక్కకు రేవు దగ్గరికి వెళ్లి చూద్దును కదా, ఊరు ఊరంతా నీళ్లలో ఉంది. వేటకు వెళ్లని రోజుల్లో తాటిదోనె ఎండకు పగలకుండా మట్టి నింపి కిక్కిస గడ్డి పక్కన లోతులో ముంచి ఉంచడం వాళ్ల అలవాటు. ముంచినవాటిని కూడా నాకు చూపించడానికి పైకి తీస్తున్నారు. మగవాళ్లు మునిగి మట్టి తోడుతున్నారు, ఆడవాళ్లు నడుం లోతులో నిలబడి మోకులు లాగుతున్నారు. తీసినదాన్నల్లా కడిగి, ముక్కుకు పసుపు రాసి వరసలో పెడుతున్నారు. అడుగు చిల్లిపడినవీ, పనికిరానివీ కూడా ఆ వరసలో ఉన్నాయి.

నేను వీరాస్వామిని పక్కకు పిలిచి నిబంధన చెప్పాను. వాహనాలకైతే వాడుకలో ఉన్నదాని మీదే పన్ను, మునిగి ఉన్నవి లెక్కలోకి రావు, వాటిని తీయనక్కర్లేదు. గూడెంలో మిల్లుకు వర్తించే న్యాయం దోనెకు మాత్రం ఎందుకు వర్తించదు?

ఆయన నవ్వేశాడు. “మునిగినా మాదే కదండీ బాబూ. లేదని ఎలా అంటామండీ?”

ఆ నవ్వు వెనక ఒక కట్టుబాటు ఉంది. ఆ ఊళ్లో పెద్ద వేట చేపను దోనెకో వంతు చొప్పున పంచుకుంటారు. ఏటా ఊరి ముందు దోనెలు లెక్కపెడతారు. మునిగిందో, చిల్లిదో, ఉన్నదంతా చూపించడం ఆ లెక్కలో పరువు. దాచినవాడికి వంతూ పోతుంది, ముఖమూ పోతుంది. మా లెక్క కూడా అలాంటిదే అనుకున్నారు. చూపించినదాన్ని బట్టి సర్కారు తమ వంతు తమకు పంచుతుందని నమ్మారు. అంత అమాయకపు పొరపాటు ఆ నీళ్ల మీద బతికేవాళ్లకు తప్ప మరొకరికి సాధ్యం కాదు. నాంచారమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న చిన్న దోనెను కూడా తనే లాక్కొచ్చి వరస చివర పెట్టింది. “ఇది కూడా రాసుకోండి,” అంది.

రాసుకున్నాను. వాళ్లు కిస్తీకి ముందే మొత్తం కట్టేశారు. నా పరిధిలో బకాయి లేని ఊరు అదొక్కటే.

పన్ను ఏ ఊరి నుంచి వచ్చినా ఒకే సాధారణ నిధిలో కలుస్తుంది. దాంతో ముందు ఏ పని చెయ్యాలో చెప్పడానికి ఒక సలహా సంఘం ఉండేది. అందులో బాయిలరు గలాయన ఉన్నారు. లంక మనిషి ఒక్కడూ లేడు. సమావేశం కబురు లంకకు చేరేసరికి సమావేశమే అయిపోయేది. ఆ ఏడు గూడెంలో గూడ్సు షెడ్డు నుంచి మిల్లుల దాకా కంకర రోడ్డు వేశారు. రోడ్డు అక్కర్లేదని నేను అనను. కాని దాని మీద తిరిగే బళ్లు పన్ను కట్టవు, కట్టిన దోనెలు దాని మీద తిరగవు. నర్సును మాత్రం వేశారు. పడవ కొనుగోలు వాయిదా పడింది కాబట్టి ఆమెను ఏలూరులోనే ఉంచారు.

నేను పై అధికారులకు ఒక నోట్ రాశాను. ఈ ఊరు పూర్తి పన్ను కట్టింది, ఇచ్చిన మాట నిలుపుకోవాలి అని. తిరుగు టపాలో జవాబు వచ్చింది: సదరు గ్రామం నుంచి బకాయి గాని ఫిర్యాదు గాని లేదు, కనుక అత్యవసరం రుజువు కాలేదు. డిప్యూటీ ఆఫీసరు దాన్ని నా చేతికిస్తూ, “బాగా లేకపోతే అంత పన్ను ఎలా కడతారయ్యా?” అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. నిజంగానే అలా అనుకున్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మరుసటి వేసవిలో మళ్లీ లెక్కకు వెళ్లాను. నాంచారమ్మకు నెలలు నిండాయి. రేవులో పాత, చిల్లి దోనెలు కొన్ని మాత్రమే కట్టి ఉన్నాయి. ఎవరూ నీళ్లలో దిగలేదు. ఎవరూ పసుపు రాయలేదు. వాళ్ల ఆడవాళ్లు ఎండుచేపలు అమ్ముకోవడానికి గూడెం సంతకు వెళ్తారు. అక్కడ కొత్త రోడ్డు చూశారు, మిల్లు రెమిషన్ కథ విన్నారు.

“మిగతావి ఏవయ్యా?” అన్నాను.

వీరాస్వామి నేలచూపులు చూస్తూ, “మునిగినవి లెక్కలోకి రావన్నారు కదండీ తమరు,” అన్నాడు.

నిజమే, నిబంధన అదే. కనిపించినవి రాసుకుంటున్నాను. కలం ఇంకా చేతిలోనే ఉంది, పాకలో నుంచి కేక వినిపించింది. నాంచారమ్మకు నొప్పులు మొదలయ్యాయి. కాసేపటికి మంత్రసాని బయటికి వచ్చి, బిడ్డ అడ్డం తిరిగింది, తన వల్ల కాదు, ఏలూరు తీసుకుపోండి అని చెప్పింది.

సంగడి కట్టాలి. నన్ను దింపిన దోనె అప్పటికే గట్టుకు తిరిగి వెళ్లిపోయింది. రేవులో ఉన్నవాటిలో బరువు మోసే జత ఒక్కటీ లేదు. మంచివన్నీ గడ్డి పక్కన నీళ్ల అడుగున ఉన్నాయి. ఆమె మొగుడు నీళ్లలోకి ఉరకబోయాడు. వీరాస్వామి తన కొడుకు భుజం పట్టుకుని ఆపాడు. ఆపి, నా వైపు చూశాడు.

నా ఉద్యోగంలో నన్ను చాలామంది చాలా రకాలుగా చూశారు. ఆ చూపు మాత్రం ఇంకెవరూ చూడలేదు. ఇంట్లో కోడలు కేకలు పెడుతుంటే, నా ముందు దోనె పైకి తీయాలా వద్దా అని ఆ మనిషి లెక్క వేసుకుంటున్నాడు. ముందు ఏడు ఊరంతటినీ నీళ్లలో దించి, పనికిరానివి కూడా తీయించిన మనిషి!

“తియ్యండయ్యా! ముందు తియ్యండి!” అని అరిచాను. పుస్తకం నాతో వచ్చిన బంట్రోతు మీదకు విసిరేసి నేనూ దిగాను. మట్టి తోడాలి, నాచు కోయాలి, నీళ్లు ఎత్తిపోయాలి. ముంచడం తేలిక, తీయడం తేలిక కాదు. సంగడి కట్టి ఆమెను పడుకోబెట్టి గెడ వేసేసరికి కేకలు ఆగిపోయి మూలుగులు మిగిలాయి. గట్టు మీద బండి దొరకడానికి మరికొంత ఆలస్యమైంది. పన్నుతో వేసిన నర్సు ఏలూరులో తన గదిలోనే ఉంది, మంచి మనిషి, పరుగున వచ్చింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

ఆసుపత్రి వరండాలో వీరాస్వామి నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

“తీసినవి రెండూ రాసుకుంటారాండీ?” అని అడిగాడు.

రాయనన్నాను. దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

పైకి మళ్లీ నోట్ పంపాను. బిడ్డ సంగతి కూడా రాశాను. ప్రసవ మరణం మా శాఖ పరిధిలోనిది కాదు, వైద్య శాఖకు రాసుకోవలసిందని జవాబు వచ్చింది. వాళ్లకూ రాశాను. పడవకు నిధులు లేవన్నారు. ఆ ఏడు లంక నుంచి రాబడి కూడా తగ్గింది కనుక పడవ ప్రతిపాదనను శాశ్వతంగా తీసేశారు.

మూడో ఏడు, నేను వేరే చోటికి బదిలీ కాబోయే ముందు, చివరిసారి వెళ్లాను. రేవు ఖాళీగా ఉంది. నేను వచ్చింది తప్ప ఒక్క దోనె కూడా లేదు. వీరాస్వామి పంచె మోకాళ్ల పైదాకా తడిసి ఉంది, గోళ్లలో కొత్త బురద. ఎవరైనా చెప్పగలరు, అప్పుడే దేన్నో ముంచి వచ్చాడని.

“తడిసిపోయావేంటయ్యా?” అన్నాను.

“ఎండ కదండీ,” అన్నాడు, నా కళ్లలోకి చూస్తూ, చాలా మృదువుగా.

ఆయన వెనక నాంచారమ్మ నిలబడి ఉంది. పుట్టింటి దోనె ఏదని నేను అడగలేదు. ఆమే చెప్పింది: “నాకు దోనె లేదండీ.”

పన్ను ఎగ్గొట్టడం ఎవరికీ పుట్టుకతో రాదని ఉద్యోగం నాకు నేర్పింది. కట్టినవాడికి ఏం మిగిలిందో, కట్టనివాడికి ఏం దొరికిందో పక్కపక్కన చూసి నేర్చుకుంటారు. ఆ లంకకు మేం నర్సును చేర్చలేకపోయాం, మందును చేర్చలేకపోయాం. అబద్ధం ఆడటం మాత్రం చేర్చాం. దానికి పడవ కావాలని ఎవరూ అడగలేదు.