సూది తర్వాత ముప్పావుగంట

మా అమ్మ ఖాసింబీ నలభై ఏళ్లు ఎనుమాముల మిర్చి మార్కెట్లో మిరపకాయలు ఏరింది. మార్కెట్‌ వెనక రేకుల షెడ్డులో కుప్ప ముందు కూర్చుని ఎర్రటి కాయను ఒక పక్కకు, తెల్లబారిన తాలుకాయను ఇంకో పక్కకు వేసేది. చేతులు పనిలో ఉంటే నోరు ఎదురుగా కూర్చున్న సావిత్రి పెద్దమ్మతో ముచ్చట్లలో ఉండేది.

ఆ షెడ్డులో కొత్తవాళ్లకు మొదట చెప్పే మాట ఒకటుంది. కళ్లు ఎంత మండినా నలుపుకోకూడదు, ఓర్చుకోవాలి. చిన్నప్పుడు సెలవుల్లో నేనూ వెళ్లి ఏడుస్తుంటే అమ్మ కొంగుతో నా చేతులు కట్టేసినంత పని చేసింది. "మూడొద్దులు ఏడుస్తవ్ బిడ్డా. నాలుగోనాడు నీ కన్ను నీ మాట ఇంటది," అంది. ఆమె కన్ను ఆమె మాట వినేది. ఘాటుకు మార్కెట్టంతా దగ్గుతున్నా ఆమె కంట్లో చుక్క నీరు వచ్చేది కాదు. అది ఆమెకు గర్వం కూడా.

అమ్మకు అరవై నాలుగో ఏట ఒకరోజు సావిత్రి పెద్దమ్మ, అమ్మ ఏరిన మంచి కుప్పలోంచి మూడు తాలుకాయలు తీసి ఆమె ఒళ్లో పెట్టింది.

"ఏందే ఖాసింబీ, పనికి కొత్తగొచ్చినవా?"

అమ్మ నవ్వలేదు. "సక్కగ చూస్తే కాయ మాయమైతాంది సావిత్రీ. పక్కకు చూస్తే మళ్ల కానొస్తాంది," అంది.

సుబేదారిలోని కంటి దవాఖానలో డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. కంటి వెనక పొరలో, చూపంతటికీ నడిమి చోట, పుట్టకూడని సన్నటి రక్తనాళాలు పుట్టి కారుతున్నాయట. ఎడమ కంట్లో అప్పటికే మచ్చ కట్టింది, ఇక చేసేదేమీ లేదు. కుడి కన్నును నిలబెట్టాలంటే నెలనెలా కంట్లోకి సూది వేయాలి. కాయ రంగు తెలియాలన్నా, మనిషి ముఖం తెలియాలన్నా ఆమెకు మిగిలింది ఆ ఒక్క కన్నే.

కంట్లో సూది అనగానే ఇంకో దారి లేదా అని నేను అడిగాను. అమ్మ మాత్రం "మిర్చి కంటే ఎక్కువ మండుతదా?" అని అడిగింది. మొదటిసారి సూది వేశాక కన్ను నలపలేదని నర్సు మెచ్చుకుంటే, "నలభై ఏండ్లాయె నలుపక," అని చెప్పి నా వైపు చూసి గొప్పగా నవ్వింది.

సూది తర్వాత ముప్పావుగంట బయట బెంచీ మీద కూర్చోవాలి. కన్ను నిండుగా ఉన్న సంచి లాంటిది, అందులోకి ఇంకో చుక్క మందు ఎక్కిస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. చాలామందికి కాసేపట్లో దానంతటదే దిగుతుంది, కొందరికి దిగదు. అందుకే పంపే ముందు ఒత్తిడి కొలుస్తారు. అమ్మ మూడుసార్లు కూర్చుంది. నాలుగోసారి నేను మందుల కౌంటర్ దగ్గర వరుసలో ఉండగా లేచి వచ్చేసింది.

"కొలిచిండ్రా అమ్మీ?"

"ఆఁ, అయిపోయింది నడువు. ఊకె కూసునుడు నాతోని కాదు."

కొలవలేదని నాకు తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం కుడి కనుబొమ్మ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఏమైందంటే "ఘాటు" అంది. మర్నాడు అన్నం ముట్టలేదు, బల్బు చుట్టూ రంగుల గాజులు కనబడుతున్నాయంది. "ఘాటు తలకెక్కింది. ఫికర్ చెయ్యకు, పోతది," అంది. నేనూ ఆ షెడ్డు మాట విని పెరిగినదాన్నే, నమ్మాను. ఆ వారం ఆమె మిరపకుప్ప దగ్గరికే వెళ్లలేదన్న సంగతి నాకు మూడో రోజు తట్టింది.

ఆటోలో తీసుకెళ్లేసరికి ఒత్తిడి ముప్పై ఎనిమిది ఉంది. ఇరవై దాటితేనే జాగ్రత్త పడతారు. మాత్రలు, చుక్కలు వేసి దించారు. ఆ తర్వాత చీకటి గదిలో దీపపు చుక్కలు చూపించే పరీక్ష చేస్తే, కంటి నరం కొంత దెబ్బతిన్నదని, అంచుల్లో చూపు తగ్గిందని తేలింది. ఆమె కంట్లో నీరు బయటికి పోయే దారి ముందునుంచే ఇరుకట, సూదులు ఆ లోపాన్ని బయటపెట్టాయట.

"మరి సూదులు బందు చేద్దామా మేడమ్?" అని అడిగాను.

"ఆపితే నడిమి చూపు పోతుందమ్మా. సూదీ వేద్దాం, ఒత్తిడినీ అదుపులో పెడదాం. కాకపోతే ఈమె దాచకుండా చెప్పాలి," అంది డాక్టరమ్మ.

ఆటోలో అమ్మ అంది: "నడిమిట్ల ఒకటి తింటాంది, అంచులెంబడి ఒకటి తింటాంది. రొట్టెముక్క లెక్క చేసినయి నా కన్నును." దిగేటప్పుడు, "ఓర్సుకునుడు గూడ తప్పైతదని ఎవ్వలు చెప్పలే బిడ్డా," అంది.

ఆ తర్వాత రెండేళ్లు పొద్దున, సాయంత్రం చుక్కలు తప్పలేదు, బెంచీ తప్పలేదు. సూది పడిన వారానికి తువ్వాల మీద ఒక ఎర్రకాయ, ఒక తాలుకాయ పెట్టించుకుని తనే తన కన్నును పరీక్షించుకునేది. ఒక్కొక్క నెల తప్పు చెప్పేది, ఎక్కువసార్లు సరిగ్గానే చెప్పేది. మేమిద్దరం పనీ పాటా లేకుండా పక్కపక్కన కూర్చున్నది నా జీవితంలో ఆ బెంచీ మీదే. నాకు తెలియని తన పెళ్లి ముచ్చట్లు అక్కడే చెప్పింది.

ఒకసారి మా పక్కన యాకయ్య కూర్చున్నాడు. మార్కెట్లో బస్తాలు మోసే హమాలీ, అమ్మకు ఎరిగినవాడే. సూది పడి పది నిమిషాలు కాకముందే లేచాడు.

"పోతాన ఖాసింబక్కా. నొసలు జర గుంజుతాంది గంతే. మనకు ఘాటు కొత్తనా?"

అమ్మ అతని భుజం మీది తువ్వాల పట్టుకుంది. "ఇయ్యాల మార్కెట్‌కు పోయినవా?"

"లే, పొద్దుగాల్నే ఇటొచ్చిన."

"మరి ఘాటు ఏడికెల్లొచ్చింది?"

"తువ్వాల చిరిగితే నీదే ఖర్చు," అని గొణుగుతూ యాకయ్య మళ్లీ కూర్చున్నాడు. అమ్మ నర్సును పిలిచింది. ఒత్తిడి కొలిచిన నర్సు అతన్ని వెంటనే లోపలికి నడిపించింది. గంట తర్వాత బయటికి వచ్చి అమ్మ పక్కనే కూర్చున్నాడు, నుదురు తేలికైందన్నాడు.

పోయిన వానాకాలం జ్వరం వచ్చి వారంలో అమ్మ వెళ్లిపోయింది. చివరి రోజు వరకు ఆ కుడి కన్ను నా ముఖాన్ని గుర్తుపట్టింది.

అమ్మను మట్టి చేసిన నాలుగో రోజు షెడ్డు ఆడవాళ్లు వచ్చారు. అందరూ వెళ్లాక సావిత్రి పెద్దమ్మ ఒక్కతే ఉండిపోయింది. నేను నుదురు నొక్కుకుంటుంటే ఏమైందని అడిగింది. ఏం లేదు పెద్దమ్మా అన్నాను.

"మీ అమ్మ ఈ రెండేండ్లు షెడ్డుల కొత్తోళ్లకు ఏం చెప్పేదో ఎరికేనా? మంటైతే ఓర్సుకోండ్రి, నొప్పైతే చెప్పుండ్రి అనేది. చెప్పు బిడ్డా, కూసున్న."

ఘాటు అన్న అమ్మ మాటను నేను నమ్మిన ఆ మూడు రోజుల సంగతితో మొదలుపెట్టాను.