ఎల్లారెడ్డి ఇరవై ఏడు

తాహేరా కోపం సంగతి ఎల్లారెడ్డిలో ఎవరిని అడిగినా చెప్తారు. పిట్లం పక్క పల్లెలో కౌలు పొలం చేసుకునే ఇంట్లో పుట్టింది. ఆకు కత్తిరించడం, బీడీ చుట్టడం ఊహ తెలిసేనాటికే చేతికి వచ్చేశాయి. దాంతో పాటు నోరు కూడా వచ్చింది. ఒకసారి బీడీల కార్ఖానాలో లెక్క చూసేవాడు ఆమె చుట్టిన కట్టల్లోంచి గుప్పెడు తీసి, బాగాలేవని పక్కన పడేశాడు. తాహేరా మిగతా చాట కూడా తెచ్చి అతని బల్ల మీద కుమ్మరించింది. "అన్నీ బాగలేవు. అన్నీ నువ్వే తాగు" అని చెప్పి ఇంటికి వచ్చేసింది. వారం తిరక్కుండా కార్ఖానా వాళ్ళే పిలిపించుకున్నారు. అత్త జన్నత్ బీ కూడా కోడలితో ఏదైనా మాట్లాడాలంటే ముందు ఆమె మొహం చూసుకుని నోరు విప్పేది.

అంత నోరున్న మనిషిని ఆరేళ్ళ పాటు ఒక టెలిఫోన్ తీగ చివర కట్టేసి కూర్చోబెట్టారంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు?

మొగుడు అజీముద్దీన్ తాపీమేస్త్రి. పెళ్ళయిన మూడో ఏట సౌదీకి పోయాడు. ఈ ఆరేళ్ళలో ఒక్కసారే వచ్చాడు. ఆ వచ్చిన సెలవు కూడా సగం చుట్టాల ఇండ్లు తిరగడానికే సరిపోయింది. కూతురు వాజిదాకు తండ్రంటే గంగారాం దుకాణంలో ఉన్న నల్ల ఫోనే.

గంగారాం కిరాణా దుకాణం మసీదుకు పోయే దారిలో ఉంటుంది. ఆయన ఫోన్ నంబరు ఇరవై ఏడు. ఆ గల్లీ నుంచి గల్ఫుకు పోయిన మగవాళ్ళందరికీ ఇంటి నంబరు అదే. అక్కడ శుక్రవారం సెలవు గనుక ఫోన్లన్నీ ఆ రోజే వచ్చేవి. వాళ్ళు చేసేది రోడ్డు పక్క బూతుల నుంచి, ఇటు నుంచి తిరిగి చేసే వీలు లేదు. జుమా నమాజు కాగానే గల్లీలోని ఆడవాళ్ళంతా ఒళ్ళో చాటలు పెట్టుకొని దుకాణం ముందు బల్ల మీద చేరేవాళ్ళు. చేతులు బీడీలు చుడుతుంటే చెవులు లోపలి ఫోను మీద ఉండేవి. అది మోగగానే గంగారాం ఎత్తి, పేరు పెట్టి కేకేసేవాడు. పిలిచిన మనిషి ఇంటి దగ్గరే ఉండిపోతే ఎక్స్ఛేంజిలో ఆపరేటరమ్మ కల్పించుకుని, "పెట్టెయ్యకు అన్నా, ఉరికొస్తున్నది, ఆగు" అని అవతలి మనిషిని బతిమాలి ఆపేది. ఆ పుణ్యం ఆమెకు ఎవరూ జీతంలో కలిపి ఇవ్వలేదు.

బల్ల మీద తాహేరా పక్కన ఎప్పుడూ భూమక్కే. ఆమె కొడుకు కిష్టయ్యది, అజీముద్దీన్‌ది ఒకే కంపెనీ, ఒకే గది. కిష్టయ్య మాత్రం పండగకో పబ్బానికో తప్ప ఫోన్ చేసేవాడు కాదు.

తొంభై మూడులో, రంజాను నెల మొదట్లో, రెండు కబుర్లు ఒకే వారంలో వచ్చిపడ్డాయి. ఎల్లారెడ్డిలో చేత్తో కలిపే పాత ఎక్స్ఛేంజి తీసేసి ఆటోమేటిక్ పెడుతున్నారు, పండగ కాగానే అందరి నంబర్లూ ఒక్క రాత్రిలో మారిపోతాయి అన్నది మొదటిది. రెండోది అజీముద్దీన్ ఫోను. కంపెనీ ఇంకో మూడేళ్ళకు కాంట్రాక్టు కాగితం ముందు పెట్టిందట.

తాహేరా నోరు తెరిచేలోపే, "తొందరపడకు, అమ్మతో కూడా మాట్లాడు" అన్నాడు అతను. రంజానులో రాత్రి డ్యూటీలు గనుక ఈలోపు కుదరదనీ, పండగ దాటిన రెండో శుక్రవారం ఫోన్ చేస్తాననీ, ఆమె రమ్మంటే వచ్చేస్తాననీ, ఉండమంటే సంతకం చేస్తాననీ చెప్పాడు. ఆ మర్నాడే కంపెనీకి జవాబు చెప్పాలట. ఇంటికి స్లాబు పడాలన్న సంగతి గుర్తుచేయడం మాత్రం మర్చిపోలేదు.

"స్లాబు లేకుంటే మనం చెట్టు కింద ఉన్నమా? నా కొడుకును పిలువు" అంది జన్నత్ బీ. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు.

చెప్పవలసిన మాట సిద్ధంగానే ఉంది, చెప్పడానికి ఫోనే ఉండేట్టు లేదు. తాహేరా భూమక్కను వెంటబెట్టుకొని కామారెడ్డి బస్సెక్కింది. టెలిఫోన్ ఆఫీసులో కుర్చీ మీదున్న పెద్దమనిషి ముందు నిలబడింది.

"సార్, పాత నంబరు రెండు నెలలు అట్లనే ఉంచుండ్రి. మావోళ్ళు దేశంగాని దేశంల ఉన్నరు. నంబరు మారిందని వాళ్ళకెట్ల తెలుస్తది?"

"కుదరదమ్మా. పాత బోర్డే ఉండదు. అందరిదీ ఒక్కసారే మారుతది. గంగారాంకు కొత్త నంబరు ముందే ఇచ్చినం గద, మీవోళ్ళకు మీరే చెప్పుకోవాలె."

"ఫోన్లు లెక్కపెట్టినరు మంచిగనే. ఆ ఫోన్ల ముంగట కూసునేటోళ్ళను లెక్కపెట్టిండ్రా?"

"ఫోను ఎవరి పేరు మీదుంటే వాళ్ళకు చెప్పుడే మా పని" అన్నాడాయన. కసురుకోలేదు, కోప్పడలేదు. అదే తాహేరాకు మరీ మండింది. కసిరితే కసరవచ్చు. మెత్తగా లేదంటే ఏం చేస్తారు? తిరుగు బస్సులో భూమక్క తెచ్చిన పేలాలు కూడా ముట్టలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ముక్తార్ ప్రయాణం కుదిరింది. ముక్తార్‌ది అదే గల్లీ. సెలవుకు వచ్చి, కొత్త వీసా మీద మళ్ళీ సౌదీకి పోతున్నాడు. ఆ గల్లీలో ఒక పద్ధతి ఉంది. ఎవరు గల్ఫుకు పోతున్నా, అందరి పచ్చళ్ళూ అందరి మాటలూ ఆ మనిషి వెంటే పోవాలి. మాట అతని చేతిలో పెట్టాక విడిగా ఉత్తరం రాయించడమంటే, నిన్ను నమ్మడం లేదని మొహం మీద చెప్పినట్టే. ఎవరూ ఆ పని చేయరు. పైగా తాహేరాకు రాయడం రాదు. మొగుణ్ణి ఇంటికి రమ్మనే మాట గల్లీలో ఏ మగవాడి చేతనో రాయించడానికి ఆమెకు మనసొప్పలేదు.

కామారెడ్డి స్టేషన్‌లో బొంబాయి బండి ఎక్కేటప్పుడు ముక్తార్‌కు అందరూ కొత్త నంబరు అప్పజెప్పారు. తాహేరా దగ్గరికి పోయి గట్టిగా చెప్పింది.

"ముక్తార్ భాయ్, నంబరు ఒక్కటే గాదు. నేను రమ్మన్నని చెప్పు. స్లాబు వద్దు, ఏమొద్దు. వచ్చి ఈడనే పని చూసుకొమ్మని చెప్పు."

"ఖుదా కసం భాభీ, దిగిన రోజే చెప్త" అన్నాడు ముక్తార్. రైలు కదిలింది.

పండగైంది. ఒక రాత్రిలో నంబర్లు మారిపోయాయి. గంగారాం నల్ల ఫోను పోయి, బటన్లు నొక్కే తెల్ల ఫోను వచ్చింది. రెండో శుక్రవారం తాహేరా అందరికంటే ముందు పోయి బల్ల మీద కూర్చుంది. ఉండమంటావా రమ్మంటావా అని అడిగితే ఏమనాలో ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. ఫోను మోగింది. కామారెడ్డి నుంచి బెల్లం వ్యాపారి. మళ్ళీ మోగింది. కొత్త నంబరు పనిచేస్తుందా లేదా అని గంగారాం బామ్మర్ది చూసుకుంటున్నాడు.

"నీ బామ్మర్దిని ఫోన్ పెట్టెయ్యమను సేటు! లైను ఖాళీ ఉంచు!" అని అరిచింది తాహేరా. గంగారాం గబుక్కున పెట్టేశాడు. ఆ తర్వాత అది మోగనే లేదు. ఒక్కొక్కరే చాటలు సర్దుకొని పోయారు. గంగారాం దుకాణం తలుపులు దగ్గరికి వేస్తూ, "రేపు చేస్తడేమో బిడ్డా" అన్నాడు. రేపు చేసి ఏం లాభమో ఆయనకు తెలియదు పాపం.

ముక్తార్ గుట్టు బయటపడటానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. దోమకొండ నుంచి సరుకుకు వచ్చిన మనిషి ఒకడు, ముక్తార్ అక్క ఇంట్లో ఉన్నాడని నోరు జారాడు. తాహేరా ఆగుతుందా? దోమకొండలో బస్సు దిగి, ఇల్లు అడుక్కుంటూ పోయి, నులక మంచం మీద పడుకున్న మనిషిని లేపి కూర్చోబెట్టింది.

"సౌదీ ఎప్పుడొచ్చింది దోమకొండకు?"

ముక్తార్ తల ఎత్తలేదు. బొంబాయిలో ఏజెంటు ముంచాడట. వీసా దొంగదట. ఇవాళ రేపు అంటూ అక్కడే తిప్పి తిప్పి చివరికి మొహం చాటేశాడట. "ఏ మొఖం పెట్టుకొని వస్త భాభీ? గల్లీల అందరు సాగనంపిరి గద."

"నిన్ను ఏజెంటు ముంచిండు, సరే, అయ్యో పాపం అంట. పోలేదని ఒక్క కబురు పంపరాదా? నీ సిగ్గు నీకు పెద్దగైంది, నా సంసారం నీకు చిన్నగైంది! అక్కడ నా మొగడు నా మాట కోసం చూసి చూసి సంతకం పెట్టి ఉంటడు. మూడేండ్లు! తెచ్చిస్తవా ఆ మూడేండ్లు?"

ముక్తార్ ఏడ్చాడు. తాహేరా కరగలేదు. వీధిలో జనం పోగయ్యేదాకా తిట్టి, వాళ్ళ అక్క ఇచ్చిన చాయ్ వద్దని వచ్చేసింది. పదిమంది ముందు అట్లా తిట్టానే అని ఆమెకు ఆ రోజు ఏమాత్రం అనిపించలేదు. మొగుడు మాత్రం ఏం చేస్తాడు, ఫోను కలవకపోతే అని అనుకుంటూనే ఇల్లు చేరింది. కోపమంతా ముక్తార్ మీద, కామారెడ్డి కుర్చీ మీద. అజీముద్దీన్ మీద జాలి.

తర్వాత ఓ శుక్రవారం తెల్ల ఫోను మోగింది. గంగారాం ఎత్తి, "తాహేరా బిడ్డా, నీదే! సౌదీ!" అని కేక పెట్టాడు. చాట బల్ల మీద విసిరేసి ఉరికింది.

భార్యాభర్తలు మాట్లాడుకునేది ఉర్దూ. అజీముద్దీన్ సంతకం చేసేశానని చెప్పాడు. ఆ శుక్రవారం మధ్యాహ్నమంతా ఫోన్ చేస్తూనే ఉన్నాననీ, ఎంతకీ కలవలేదనీ, ఇక ఆమెకూ ఇష్టమే కాబోలు అనుకున్నాననీ అన్నాడు. మూడేళ్ళు ఎంతలో గడుస్తాయి అని కూడా అన్నాడు. మీ తప్పేం లేదని తాహేరానే అతన్ని ఓదార్చడం మొదలుపెట్టింది. నంబరు మారిపోయింది, ముక్తార్ బొంబాయి కూడా దాటలేదు, మీకు ఎట్లా తెలుస్తుంది అని.

"నంబరు మారిందని తెలుసులే" అన్నాడు అజీముద్దీన్. "పండగ ముందే భూమక్క ఉత్తరం వచ్చె. కిష్టయ్య గది గోడ మీద రాసిపెట్టిండు. దాన్ని చూసే కదా ఇప్పుడు చేస్తున్న."

అనేశాక తెలిసినట్టుంది, ఏమన్నాడో.

తాహేరా నోటి నుంచి తర్వాత వచ్చిన మాట ఉర్దూలో రాలేదు. కోపమొస్తే ఆమెకు పుట్టినూరి తెలుగే వస్తుంది. ఇన్నేళ్ళూ మొగుణ్ణి మీరు అన్న నోరు నువ్వు అంది.

"ఆ శుక్రవారం ఏ నంబరు తిప్పినవ్?"

వాజిదా బాగుందా అని అడిగాడతను.

"గోడ మీద నంబరుండంగ ఏ నంబరు తిప్పినవ్? అసలు తిప్పినవా?"

"అది కాదు తాహేరా, స్లాబు పడాలె గద... నువ్వు రమ్మంటే రాక తప్పదాయె..."

లైను గుర్రుమంటోంది. మధ్యలో కల్పించుకోవడానికి ఆపరేటరమ్మ కూడా లేదు. బల్ల మీద చేతులన్నీ ఆగిపోయాయి.

"ఉంటనని నువ్వు చెప్పు. నాకు రాబుద్ధి గాలేదని నీ నోటితోని చెప్పు. నేను ఉండమన్ననని చెప్పుకోకు. నేను రమ్మన్న. ఇగో ఇందరి ముంగట అంటున్న, రమ్మన్న!" అని రిసీవరు ఠక్కున పెట్టేసింది.

భూమక్క కంగారుగా లేచి వచ్చింది. "ముక్తారు నొచ్చుకుంటడని నేను ఉత్తరం ఏసిన సంగతి ఎవరికీ చెప్పలేదే తాహేరా. తప్పు నాదే."

"నువ్వొక్కదానివే మంచి పని చేసినవ్ భూమక్కా" అంది తాహేరా. మొహం ఎర్రగా కందిపోయి ఉంది, కంట్లో మాత్రం చుక్క లేదు. మర్నాడు దోమకొండ పోయి ముక్తార్‌తో, "నువ్వు చేసింది తప్పే. కాని నన్ను ముంచింది నువ్వు గాదు. ఇగ లేచి ఊర్లెకు రా" అని చెప్పి వచ్చింది.

పై శుక్రవారం తాహేరా బల్ల మీదికి రాదని అందరూ అనుకున్నారు. రాకుండా ఎందుకుంటుంది? ఎప్పటిలాగే వచ్చి, ఎప్పటి చోటే కూర్చొని, ఆకు చుడుతోంది. ఫోను మోగింది. గంగారాం ఎత్తి, "బిడ్డా, అజీముద్దీన్" అన్నాడు.

తాహేరా లేవలేదు.

"లేవే, పైసలు కాలుతున్నయ్ అతనికి. లేదని చెప్పాల్నా?"

"అబద్ధమెందుకు సేటు? ఉన్ననని చెప్పు. ఫోన్ రాలేదని చెప్పు" అంది, దారం బిగిస్తూ.

గంగారాం ఆమెనూ చేతిలోని రిసీవరునూ మార్చి మార్చి చూశాడు. అవతల నుంచి హలో హలో అని వినపడుతూనే ఉంది. బల్ల మీద ఒక్కరూ తలెత్తలేదు. చివరికి గొంతు సవరించుకొని చెప్పాడు.

"అజీముద్దీన్, ఆమె ఈడనే ఉన్నది. నీ ఫోన్ రాలేదంటున్నది."